జాడీకి లేని మైల

మడి కట్టుకుని ఆవకాయ కలిపే అమ్మలారా, మీ జాడీ లోపలి నునుపు మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. అందులో మా నాయన ఊపిరి ఉంది.

నెల్లూరు జిల్లా సైదాపురం వైపు నేలలో తెల్ల పలుగురాయి దొరుకుతుంది. దాన్ని మరలో పిండి చేసి, ఇంకొన్ని రాళ్ల పొడితో నీళ్లలో కలిపి, పచ్చి జాడీకి పూసి బట్టీలో కాలిస్తే గాజులాగా కరిగి అంటుకుంటుంది. 1978 నుంచి ఆ పిండి జల్లెడ పట్టింది మా నాయన. కార్ఖానాలో సారె కాడ కుమ్మరోళ్లు, పిండి కొట్లో మాలోళ్లు. దుమ్ములోకి కూడా కులం చూసే పంపారు. (సారె కాడోళ్లూ బతికి బట్టకట్టలేదు. ఆరిన మట్టి ఊడ్చీ ఊడ్చీ వాళ్లూ దగ్గారు.)

సాయంత్రం నాయన ఇంటికొస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. అమ్మ ఆయన గుడ్డలు గడప కాడ దులిపేది. ఆ దుమ్ము మేమూ పీల్చాం. ముక్కుకు అడ్డం ఒక తుండుగుడ్డ, అదీ మాదే. దాహమని పెద్దింటి కాడ నిలబడితే పైనుంచి దోసిట్లో నీళ్లు పోసేవాళ్లు. ఆ ఇంటి వంటగదిలో జాడీలకు మాత్రం మైల లేదు.

1990లో దగ్గు మొదలైంది. ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు: "బీడీ తాగతావా? సారా తాగతావా?"

"లేదు సామీ."

"అబద్ధాలు చెప్పమాకురా."

ఏం పని చేస్తావని మాత్రం అడగలా. టీబీ అని రాసిచ్చాడు. రాతిపిండికి టీబీ మాత్రలు ఏం చేస్తాయి? చివరి ఏడాది గోడకానుకుని కూర్చునే నిద్రపోయేవాడు. 1993లో పోయాడు. నలభై రెండేళ్లు.

దాచిన ఎక్స్‌రే తర్వాత ఇంకో డాక్టరుకు చూపిస్తే సిలికోసిస్ అన్నాడు. పిండి చేరిన ఊపిరితిత్తులకు టీబీ కూడా తొందరగా పడుతుందట. పడితే పడి ఉండొచ్చు. కానీ 1948 ఫ్యాక్టరీల చట్టం జబ్బుల పట్టీలో సిలికోసిస్ అప్పటికే ఉంది, సీసం విషమూ ఉంది. అలాంటి రోగిని చూసిన డాక్టరు ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాయాలని ఆ చట్టమే చెప్పింది. టీబీ అని రాస్తే నేరం పురుగుది. సిలికోసిస్ అని రాస్తే కార్ఖానా పేరు కూడా రాయాలి. అందుకే మా పల్లెలో అందరికీ టీబీయే.

గుజరాత్ పలుగురాయి మిల్లుల్లో పనిచేసి చచ్చిపోయిన 238 మంది మధ్యప్రదేశ్ కూలీల కుటుంబాలకు తలా 3 లక్షలు ఇమ్మని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ల రోగం పేరు కాగితం మీదికెక్కింది. మా నాయన చీటీ ఇంకా నా పెట్టెలోనే ఉంది. దాని మీద రెండే అక్షరాలు: టీబీ.