అరువు గొంతుక

మాయలేడియై వచ్చిన మారీచుడు రాముని బాణమునకు నేలగూలునపుడు రాముని కంఠస్వరముతోనే సీతాలక్ష్మణులను ఎలుగెత్తి పిలిచెననియు, ఆ పిలుపును శంకించి కదలక నిలిచిన లక్ష్మణుడు సీతచే పరుషవాక్యములు వినవలసివచ్చెననియు రామాయణ మెఱిగినవారి కందఱకును తెలిసినదే. ఆ ఘట్టమున మారీచుని అనుకరణ నైపుణ్యముకంటె నాకు విశేషముగ తోచునది వేఱొకటి కలదు: ఆపన్నుని పిలుపును పరీక్షింపబూనినవాడు స్నేహహీనుడుగ నెంచబడుట. నేటి సైబరు నేరగాండ్రకు పెట్టుబడి ఈ మనోధర్మమే.

ఈ మోసమునకు గొప్ప యంత్రసాధనము లక్కఱలేదు. జపానులో ఇరువదేండ్లకు పూర్వమే ముదుసలులకు ఫోను చేసి, పేరు చెప్పక 'నేనే, నేను' అని మాత్రమే యనువారు బయలుదేరిరి. మనుమని పేరును బెంగతోనున్న ఆ ముసలమ్మయే అందించెడిది, కారు ప్రమాదమో కంపెనీ సొమ్ము పోగొట్టుకొనుటయో తక్కిన కథను వాడు పూరించెడివాడు. మన యొద్ద అదే కథ వాట్సాపు సందేశమైనది. పాత ఫోను పాడైనందున కొత్త నంబరునుండి వ్రాయుచున్నాననియు, ఒకరిని ఆసుపత్రిలో చేర్చితిననియు, తన యూపీఐ పనిచేయకున్నది గనుక ఫలానా నంబరునకు పంపినచో రేపు ఉదయమే తీర్చెదననియు దాని సారాంశము. ఈ మూడును విడివిడిగ జూచిన మన యిండ్లలో నిత్యము జరుగునవే. తెలుగునాట కలెక్టర్ల, పోలీసు అధికారుల ఫొటోలను సైతము డీపీలుగ నుంచి క్రింది ఉద్యోగులను డబ్బడిగిన ఉదంతములు పత్రికల కెక్కినవి. అక్కడ స్నేహమునకు బదులు భయభక్తులు పనిచేసినవి.

యంత్రసాధనము తోడైన ఉదంతమును కలదు. 2023 జులైలో కేరళలోని కోజికోడున ఒక విశ్రాంతోద్యోగికి పూర్వపు సహోద్యోగి వీడియో కాల్‌లోనే కనబడి, బంధువు శస్త్రచికిత్సకని చెప్పి 40,000 రూపాయలు రప్పించుకొనెను. మరల 35,000 అడిగినప్పుడుగాని ఆయనకు అనుమానము కలుగలేదు. మిత్రుని అసలు నంబరునకు ఫోను చేయగా, తాను చూచినది కృత్రిమ మేధ అల్లిన ముఖమని తేలినది.

బాధితుని అజ్ఞానమును నిందించుట మనకు పరిపాటియైనది. నాకది సమ్మతము కాదు. అప్పడుగుటయే అవమానముగ నెంచు సంసారములలో, నోరు విడిచి అడిగినవానిని 'నీవు నిజముగ నీవేనా' యని ప్రశ్నించుట అంతకు మించిన అవమానము. చేబదులిచ్చునపుడు కాగితము వ్రాయించుకొనని మర్యాదయే ఇక్కడ మోసగానికి తలుపు తీయుచున్నది. ఎఱిగిన నంబరునకు ఒక్కమారు ఫోను చేయుటలో ప్రయాస లేదు, సంకోచము మాత్రము కలదు. కొడుకు అమెరికాలోనున్న తలిదండ్రులకు ఆ సంకోచమునకు తోడు, అర్ధరాత్రమున నిద్రించువానిని లేపి రూఢి చేసికొనుటకు మనసొప్పదు.

శిక్షలకు లోటులేదు: పరరూపధారణముచే మోసగించినవానికి సమాచార సాంకేతిక చట్టములోని 66డి సెక్షను మూడేండ్లవరకును, భారతీయ న్యాయ సంహితలోని 319వ సెక్షను ఐదేండ్లవరకును కారాగారవాసము విధించుచున్నవి. నేరగాడు చిక్కునా యనునది వేఱు మాట. నష్టమెవరు భరింపవలెననుటయే అసలు చిక్కు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న వెలువరించిన ఉత్తర్వు, ఖాతాదారుని అనుమతి లేక జరిగిన లావాదేవీలయందు అతనికి రక్ష కల్పించెనే గాని, ఇక్కడ పిన్ను నొక్కినవాడు అతడే కనుక ఆ రక్షకు వెలుపల నిలువవలసివచ్చెను. బ్రిటనులో మాత్రము, 2024 అక్టోబరు 7 నుండి ఇట్లు పోయిన సొమ్మును 85,000 పౌండ్ల పరిమితికి లోబడి బ్యాంకులే తిరిగి చెల్లింపవలెననియు, అందు సగము పంపిన బ్యాంకును, సగము అందుకొన్న బ్యాంకును భరింపవలెననియు నియమించిరి. ఖాతాదారులు అజాగ్రత్తపరులగుదురను ఆక్షేపమునకు సమాధానముగ, ఘోరమైన అజాగ్రత్తను మినహాయించుటకును, మొదటి 100 పౌండ్లవరకు ఖాతాదారునిపైనే వేయుటకును బ్యాంకులకు వెసులుబాటిచ్చిరి.

అందుకొన్న బ్యాంకు భరించు ఆ రెండవ సగమే నా దృష్టిలో విలువైనది. సైబరు మోసముల సహాయవాణియైన 1930కి వెంటనే ఫోను చేసినచో సొమ్మును నడుమదారిలో నిలుపగల ఏర్పాటు మనకును కలదు. కాని ఆ సొమ్ము నిమిషములలో ఖాతానుండి ఖాతాకు తరలిపోవుచుండును. ఆ ఖాతాలు తఱచుగ కమీషనుకు ఆశపడి అద్దెకిచ్చిన కూలీలవి, విద్యార్థులవి. వానిని తెఱచినది పత్రములు పరిశీలించిన బ్యాంకే. కొలది వేల రాబడిగలవాని ఖాతాలో ఒక్క పూటలో లక్షలు వచ్చిపడి, వచ్చినవి వచ్చినట్లే వెడలిపోవుచుండగా ఆ బ్యాంకు మిన్నకుండినందుకు మూల్యము మాత్రము, చాలవరకు, మోసపోయినవాని పద్దుననే పడుచున్నది.