అమ్రాబాద్ ఇంటికి ఏ డిజైనరు కావాలి?

అచ్చంపేటలో, నాగర్‌కర్నూల్‌లో, అమ్రాబాద్‌లో ఇప్పుడు కొత్త ఇల్లు కట్టేవాళ్లు మేస్త్రీతో మాట్లాడేముందే ఫోనులో బొమ్మలు చూసుకుంటున్నారు. హాలుకు జిప్సం సీలింగు, దాని అంచుల్లో దాచిన లైట్లు, టీవీ వెనక గోడకు పీవీసీ పలకలు, వంటింట్లో మాడ్యులర్ అరలు. హైదరాబాద్‌లో ఎవరి ఫ్లాటుకో గీసిన డిజైను చూస్తుండగానే నల్లమల అంచుకు వచ్చి చేరుతోంది. ఇల్లు అందంగా ఉండాలనుకోవడంలో తప్పేమీ లేదు. తాతల కాలం నుంచి ఒంటిగది కొట్టంలో బతికిన కుటుంబం, పిల్లలు నాలుగు రాళ్లు సంపాదించాక మంచి ఇల్లు కట్టుకోవాలనుకోవడం గౌరవించాల్సిన కోరిక. నా ఆలోచన అంతా ఆ కోరిక ఎవరిని చూసి రూపు దిద్దుకుంటోందన్న దాని గురించే.

పేరున్న డిజైనర్ల దగ్గర నేర్చుకోవాలనే నేనూ అంటాను. పని పూర్తయ్యాక తీసిన ఫొటోల్లో కన్నా, వాళ్ల పని ఎప్పుడు మారింది, ఎవరి వల్ల మారింది అన్న కథలో నేర్చుకోవడానికి ఎక్కువ ఉంటుంది. పెద్ద డిజైనర్లలో చాలామంది జీవితంలో ఒక మలుపు కనిపిస్తుంది. అప్పటిదాకా చేతికి అలవాటైన సామగ్రిని పక్కనబెట్టి, తెలియని చోటికి వెళ్లి, అక్కడి పనివాళ్ల ముందు శిష్యుల్లా కూర్చున్న కాలం అది. ఆ తర్వాతే వాళ్ల శైలికి బలం వచ్చింది.

షార్లెట్ పెరియాన్ సంగతే తీసుకోండి. 1903లో పారిస్‌లో పుట్టిన ఈ ఫ్రెంచి డిజైనర్, 1927లో లె కార్బుజియే దగ్గర పని అడగడానికి వెళ్లింది. తర్వాత మన చండీగఢ్‌కు రూపమిచ్చిన ఆర్కిటెక్టు ఆయనే. ఇక్కడ మేం దిండ్లకు కుట్టుపని చేయం అని ఆయన ఆమెను తిప్పి పంపాడు. కొద్ది కాలానికే ఒక ప్రదర్శనలో ఆమె లోహంతో, అద్దంతో చేసిన గది అలంకరణ చూసి తానే పిలిచి పని ఇచ్చాడు. 1928 నాటికి స్టీలు గొట్టాలతో వాళ్లు కలిసి రూపొందించిన పడక కుర్చీ ఇవాళ్టికీ ఆధునిక గృహాలంకరణకు గుర్తుగా నిలిచింది. యంత్రయుగానికి తగిన సామగ్రి ఉక్కేనని ఆమె గట్టిగా నమ్మిన రోజులవి.

1940లో జపాన్ ప్రభుత్వం ఆమెను పిలిచింది. ఆ దేశపు చేతివృత్తుల వస్తువులను విదేశీ మార్కెట్‌కు తగ్గట్టు తీర్చిదిద్దడానికి సలహాదారు కావాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆమె ఊళ్లు తిరిగింది, కుమ్మరులనూ వెదురు పనివాళ్లనూ చూసింది. 1941లో టోక్యోలో పెట్టిన ప్రదర్శనలో అదే పడక కుర్చీ మళ్లీ కనిపించింది. ఈసారి అందులో స్టీలు లేదు. దాని బదులు వెదురు. పేరు తెచ్చిన తన వస్తువునే ఆమె అక్కడి పనివాళ్ల చేతిలో పెట్టి, వెదురు ఎలా వంగుతుందో, బరువుకు ఎలా లొంగి మళ్లీ లేస్తుందో వాళ్ల దగ్గర నేర్చుకుని తిరిగి చేసింది. సలహా ఇవ్వడానికి వెళ్లిన మనిషి అంతగా నేర్చుకుని రావడం చిన్న విషయం కాదు. ఫ్రాన్సుకు తిరిగి వెళ్లాక మార్సేలోని పెద్ద నివాస సముదాయానికి ఆమె రూపొందించిన వంటగది హాలు వైపు తెరిచి ఉంటుంది. వండే మనిషి ఇంట్లోవాళ్లకు దూరంగా ఒంటరిగా మగ్గకూడదన్నది ఆమె పట్టుదల.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ యాస్మీన్ లారీ. పాకిస్తాన్‌లో మొదటి మహిళా ఆర్కిటెక్టుగా పేరు పొందిన ఆమె కరాచీలో గాజు, కాంక్రీటుతో పెద్ద పెద్ద కార్యాలయ భవనాలు కట్టింది. 2000లో వృత్తి నుంచి విరమించుకుంది. 2005లో భూకంపం వచ్చి కొండ ప్రాంతాల్లో ఇళ్లు కూలినప్పుడు అక్కడికి వెళ్లి, శిథిలాల్లోని రాయినీ కలపనూ మట్టినీ సున్నాన్నీ వాడి జనంతో కలిసి ఇళ్లు లేపింది. 2010 వరదల తర్వాత సింధ్‌లో వెదురు, మట్టి, సున్నం ఆమె సామగ్రి అయ్యాయి. ఆ క్రమంలో ఆమె చేసిన ఒక వస్తువు నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. అది పొయ్యి. నేల మీది పొయ్యి ముందు ఆడవాళ్లు పొగలో గొంతుక్కూర్చుని వండే బాధ చూసి, మట్టితో సున్నంతో ఎత్తైన అరుగు కట్టి, దాని మీద పొయ్యి, పొగ పైకి పోయే గొట్టం పెట్టింది. కట్టడం ఊరి ఆడవాళ్లే నేర్చుకున్నారు, పక్క ఊళ్లకు నేర్పారు, ఎవరి పొయ్యికి వాళ్లే రంగులు వేసుకున్నారు. ఆ పనికి 2018లో ప్రపంచ ఆవాస పురస్కారం వచ్చింది. 2023లో బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ తన అత్యున్నత బంగారు పతకాన్ని ఆమెకు ఇచ్చింది. గాజు భవనాల కాలంలో రాని గౌరవం పొయ్యి కట్టాక వచ్చింది.

ఆర్కిటెక్టు లారీ బేకర్ కథ తెలుగువాళ్లకు కొంత తెలిసిందే. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, కుష్ఠురోగుల ఆస్పత్రులు కట్టడానికి 1945లో మన దేశం వచ్చాడు. అంతకుముందు ఒకసారి బొంబాయిలో ఆగినప్పుడు గాంధీని కలిశాడు. ఇల్లు కట్టడానికి కావలసిన వస్తువులన్నీ అయిదు మైళ్ల చుట్టుపక్కల దొరికేవై ఉండాలన్న గాంధీ మాటను బేకర్ జీవితాంతం తలచుకున్నాడు. హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో ఉన్న ఏళ్లలో, తాను ఇంగ్లండులో చదివిన చదువు అక్కడి రాయికీ వానకీ పనికిరాదని గ్రహించి ఊరి మేస్త్రీల పద్ధతులు నేర్చుకున్నాడు. కేరళ చేరాక ఇటుకల మధ్య సందులు వదిలి జాలీ గోడలు కట్టాడు. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే గోడతో ఇటుక ఆదా చేసి ఎండ తాపం తగ్గించాడు. శ్లాబు అడుగున పెంకులు పెట్టి కాంక్రీటు, ఇనుము తగ్గించాడు. ఆయన కట్టిన ఇంట్లో అలంకరణ అంటూ విడిగా కొనాల్సింది పెద్దగా ఉండదు. జాలీలోంచి గోడ మీద పడే వెలుతురే ఆ ఇంటికి అలంకరణ.

ఆ అయిదు మైళ్ల గీత అమ్రాబాద్ చుట్టూ గీస్తే ఏమేం దొరుకుతాయి?

వెదురు ఉంది, బోదగడ్డి ఉంది, రాయి ఉంది, మట్టి ఉంది. వాటితో ఇల్లు కట్టే తెలివి కూడా ఉంది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లో ఈ అమ్రాబాద్ పీఠభూమి మీదే చెంచు ఆదివాసుల మధ్య కొంతకాలం గడిపి, 1943లో వాళ్ల మీద పుస్తకం తెచ్చాడు. గుండ్రటి తడక గోడ, దాని మీద శంఖంలా ఎత్తుగా లేచిన గడ్డికప్పు. ఇదీ ఆయన చూసిన చెంచు గుడిసె. ఒక డిజైనరు కళ్లతో దాన్ని చూడండి. ఏటవాలు కప్పు మీద వాన నిలవదు. తడక సందుల్లోంచి గాలి ఆడుతుంది. పొగ గడ్డిలోంచి మెల్లగా బయటికి పోతూ పురుగును తరుముతుంది. లోపల నేల ఖాళీగా ఉంటుంది, వస్తువులు గోడకో కప్పుకో వేలాడతాయి. విల్లంబులు, బుట్టలు, తేనె తీసే తాళ్లు, ప్రతిదానికీ ఒక చోటు. తక్కువ జాగాలో ఎక్కువ బతుకు ఇమిడే ఏర్పాటు కోసం పెద్ద నగరాల్లో డిజైనర్లు నానా తంటాలు పడతారు. అప్పాపూర్ పెంటలో, అంటే చెంచు గూడెంలో, ఆ ఏర్పాటు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు మాటల్లేకుండానే అందింది.

అడవి దిగి మైదానంలోకి వస్తే పాలమూరు మట్టిమిద్దె ఉంది. దూలాలు, వాటి మీద దంతెలు, పైన మట్టి, వాన దిగకుండా చౌడు. మందమైన గోడలో దీపానికి గూడు, సామానుకు గూడు. నేలకు పేడ అలుకు, గోడ అంచుకు జాజు. గద్వాలకు పోతే ఇంటిని మగ్గమే అమర్చింది. గుంటమగ్గం ఎక్కడ దిగాలి, పడుగు ఎటు సాగాలి, నేతగాడి చేతి మీద వెలుతురు ఏ వైపు నుంచి పడాలి అన్నవి తేలాకే మిగతా గది. నూలు చీరకు పట్టు అంచును కుప్పడం పద్ధతిలో పోగు పోగునా కలిపే పనికి మంచి వెలుతురు కావాలి కాబట్టి కిటికీ అక్కడ వచ్చింది. మనిషి చేసే పనిని బట్టి గది ఏర్పడాలని డిజైన్ కళాశాలలు నేర్పే పాఠం ఇదే.

ఇంత చెప్పి, చెంచులు గుడిసెల్లోనే ఉండాలని నేనంటే అది అన్యాయం. గడ్డికప్పును ఏళ్లు గడిచేకొద్దీ మళ్లీ మళ్లీ నేయాలి. నిప్పురవ్వ పడితే మిగిలేదేమీ లేదు. పాము దూరుతుంది, ముసురు పట్టిన రోజుల్లో పసిపిల్లల తల్లికి నిద్ర ఉండదు. పక్కా ఇల్లు వాళ్ల హక్కు. 2023 నవంబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం జన్‌మన్ పథకం చెంచుల వంటి ఆదిమ తెగలకు ఇళ్లు ఇస్తానంటోంది. రాష్ట్ర ప్రభుత్వ ఇందిరమ్మ ఇళ్ల పథకం 5 లక్షల రూపాయల సాయంతో, కనీసం 400 చదరపు అడుగుల ఇల్లు అంటోంది. డబ్బు వస్తోంది, ఇళ్లు వస్తున్నాయి. ఆ ఇంటి లోపలి భాగం గురించి ఆలోచించే మనిషే ఎక్కడా కనిపించడం లేదు. సిమెంటు గోడల నాలుగు పలకల గది, పైన శ్లాబు. ఎండాకాలం పగలంతా వేడి తాగిన శ్లాబు రాత్రి ఆ వేడిని లోపలికి దించుతుంది. కట్టెల పొయ్యికి చోటు ఉండదు, పొగకు దారి ఉండదు. పక్కా ఇల్లు ఇచ్చిన చోట దాని పక్కనే గుడిసె వేసుకుని అందులోనే వండుకుని, పడుకునే చెంచు కుటుంబాల గురించి పదే పదే వింటున్నాం. అది వాళ్ల వెనుకబాటు అనేవాళ్లున్నారు. నా దృష్టిలో ఆ కుటుంబం మనకు చెప్తున్న డిజైన్ సలహా అది. వినాల్సింది మనం.

ఎలా వినాలి? వనపర్తి సంస్థానాధీశుల భవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. రాజభవనం లోపల కూర్చుని సివిల్ డిప్లొమా చదువుతున్న పిల్లలు ఉన్నారక్కడ. వాళ్లను ప్రతి ఏడాదీ అమ్రాబాద్ పెంటలకు తీసుకురండి. ఒక్కో గుడిసెను కొలిచి గీయమనండి. పొయ్యి ఎక్కడుంది, పడక ఎక్కడుంది, వాన రోజున కట్టెలు ఎక్కడ పెడతారు, ముసలమ్మ పగలు ఎక్కడ కూర్చుంటుంది అని అడిగి రాసుకోమనండి. ఆ కొలతల్లోంచి 400 చదరపు అడుగుల ఇంటికి మూడు నాలుగు నమూనాలు తయారవుతాయి. శ్లాబు అడుగున పెంకులు, గోడలో జాలీ, పొగగొట్టంతో ఎత్తు పొయ్యి, ముందు నీడనిచ్చే వెదురు పంచ. నమూనాల్లో ఏది కావాలో చెంచు ఆడవాళ్లు ఎంచుకోవాలి. మన్ననూరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పూనుకుంటే ఇది అసాధ్యమైన పనేమీ కాదు.

వెదురు దగ్గర ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. అమ్రాబాద్ సుమారు 2,600 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం. అడవిలో వెదురు నరుక్కురండి అని తేలిగ్గా అనలేం. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. 2017లో భారత అటవీ చట్టానికి చేసిన సవరణతో అడవి బయట పెంచిన వెదురు చెట్ల జాబితాలోంచి తొలగిపోయింది. అంటే పొలం గట్ల మీద వెదురు పెంచుకుని, నరికి అమ్ముకోవడానికి చట్టం దారి ఇచ్చింది. నరికిన వెదురును కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టినా, బోరాక్స్ కలిపిన మందునీటితో శుద్ధి చేసినా పురుగు పట్టడం తగ్గి చాలా ఏళ్లు నిలుస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో చాటలు, గంపలు అల్లే మేదరులున్నారు, బుట్టలు అల్లే చెంచులున్నారు. ప్లాస్టిక్ వచ్చాక వాళ్ల పనికి గిరాకీ పడిపోయింది. ఇంటి ఎస్టిమేటులో మేస్త్రీ కూలిలాగే తడక పనివాడి కూలి కూడా నైపుణ్యపు పని రేటుతో రాస్తే ఆ చేతులకు మళ్లీ పని దొరుకుతుంది.

సొంత డబ్బుతో ఇల్లు కట్టుకునేవాళ్లకూ నాదొక మాట. జిప్సం సీలింగుకు పెట్టే డబ్బుతో ఒక్క గదికి వెదురు తడక పైకప్పు అల్లించి చూడండి. అద్దాల అల్మారా బదులు గోడలో రెండు గూళ్లు పెట్టించండి. వాకిట్లో అరుగు వదలండి. పరదాకు మిల్లు గుడ్డ బదులు ఈ జిల్లాల మగ్గం మీద నేసిన నూలు అడగండి. పెద్ద డిజైనర్లను అనుసరించడమంటే ఇదే. పెరియాన్ జపాన్‌లో, లారీ సింధ్‌లో, బేకర్ పిథోరాగఢ్‌లో చేసింది మనం మన ఊళ్లో చేయడం. వాళ్లు వెతుక్కుంటూ వెళ్లి నేర్చుకున్నది నేర్పగలిగినవాళ్లు మనకు పక్క వీధిలోనే ఉన్నారు.

ఆ నేర్పేవాళ్లు ముసలివాళ్లయిపోతున్నారు. గుండ్రటి గోడ కట్టడం, గడ్డికప్పు వాన దిగకుండా నేయడం తెలిసిన పెద్దలు పోతే, ఏ ఫోను బొమ్మలోనూ అది మళ్లీ దొరకదు. అందుకే ఇందిరమ్మ ఇళ్ల తదుపరి విడత మంజూరయ్యేలోపే ఐటీడీఏ అధికారులు, పాలిటెక్నిక్ అధ్యాపకులు, పెంట పెద్దలు ఒకచోట కూర్చోవాలి. ఆ సమావేశంలో ముందుగా మాట్లాడే హక్కు గుడిసె కట్టిన మనిషిదే కావాలి.