పేరు విచారణ, విచారించే హక్కు సున్నా

తెలుగు కతోలికులు పారిష్‌ను ‘విచారణ’ అంటారు. అక్కడి ఫాదర్‌ను విచారణ గురువు అంటారు. మాట బాగుంది. మరి అక్కడ విచారించే హక్కు ఎవరికుంది?

వాటికన్ 1983లో సవరించి ప్రకటించిన చర్చి చట్టం చూడండి. కొన్ని విచారణలు కలిస్తే మేత్రాసనం. దాని అధిపతి బిషప్. ఆయన్ని పోపు నియమిస్తాడు, విచారణ గురువును ఆయన నియమిస్తాడు. శాసనం, అమలు, తీర్పు మూడూ బిషప్ చేతిలోనే. విచారణను పెట్టినా ఎత్తేసినా ఆయన ఇష్టమే. ముందు గురువుల మండలి అభిప్రాయం వింటే చాలు. విశ్వాసుల సంఘం సలహా మాత్రమే ఇవ్వాలని 536వ నియమం. ఆర్థిక సంఘం తప్పనిసరి అన్నారు, అదీ గురువుకు సాయంగానే.

కాగితాల మీది సంగతేలే అనుకోకండి. పిల్లలపై ఫాదర్ల అత్యాచారాలు బయటపడ్డాక, అమెరికాలో బోస్టన్ మేత్రాసనం 2003లో బాధితులకు 8.5 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. 2004లో పదుల సంఖ్యలో విచారణలు మూసేసింది. జనం తగ్గారు, ఫాదర్లు తగ్గారు, డబ్బు లేదు అంది. సిట్యుయేట్ ఊరి విశ్వాసులు మాత్రం తమ చర్చి వదలకుండా వంతులు వేసుకుని పదకొండేళ్లకు పైగా రాత్రింబవళ్లు కూర్చున్నారు. వాటికన్ కోర్టు వినలేదు. 2015లో అక్కడి కోర్టు వాళ్లను అక్రమ చొరబాటుదార్లంది. 2016లో సుప్రీంకోర్టూ కేసు తీసుకోలేదు. చందాలిచ్చి నిలబెట్టిన చర్చిలోనే చొరబాటుదార్లయ్యారు!

హైదరాబాద్, గుంటూరు, విజయవాడ మేత్రాసనాలకూ ఇదే చర్చి చట్టం.

“ఇది మా మత వ్యవహారం, మీకెందుకు?” అంటారు. ప్రార్థన ఎలా చేయాలో మేం చెప్పడం లేదు. ఆస్తి సంగతి వేరు. మత సంస్థలు ఆస్తిని చట్ట ప్రకారమే నిర్వహించుకోవాలని రాజ్యాంగం 26వ అధికరణమే అంటోంది. హిందూ ఆలయాలకు 1987 నాటి దేవాదాయ చట్టం ఉంది. చర్చికి అలాంటిదేదీ? కేరళలో జస్టిస్ కృష్ణయ్యర్ కమిషన్ 2009లో చర్చి ఆస్తులను ఎన్నికైన ట్రస్టులకు అప్పగించే బిల్లు ముసాయిదా ఇచ్చింది. బిషప్పులు మండిపడ్డారు. అది చట్టం కాలేదు.

విశ్వాసులిచ్చిన కానుకలకు వాళ్లకు లెక్క చెప్పాలని చర్చి చట్టం 1287వ నియమమే అంటోంది. దేవుడున్నాడా లేడా అన్న వాదన తర్వాత పెట్టుకుందాం. ముందు లెక్క అడగండి. అడగడమే విచారణ.