అమ్మ ఉన్న అనాథలు

కెనడా ప్రభుత్వ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో 'హోమ్ చిల్డ్రన్' అని ఓ డేటాబేస్ ఉంది. ఫోన్లోనే చూడొచ్చు. పేరు, వయసు, ఓడ పేరు, దిగిన ఏడాది... ఆఫీసులో నేను రోజూ చూసే టేబుల్స్ లాంటిదే. కానీ ఇందులో కిందికి వెళ్తుంటే మనసు చివుక్కుమంటుంది. ఏడేళ్లు, తొమ్మిదేళ్లు, పదకొండేళ్లు. అందరూ ఒంటరిగా సముద్రం దాటినవాళ్లే!

బ్రిటన్ నుంచి కెనడాకి పేద పిల్లల్ని గుంపులుగా పంపడం 1869లో మొదలైంది. సుమారు లక్షమంది వెళ్లారు. వాళ్లలో దాదాపు 30 వేలమందిని పంపింది బర్నార్డోస్ అనే ఒక్క సంస్థే. లండన్ మురికివాడల నుంచి పిల్లలు బయటపడతారు, కెనడా రైతులకి పనివాళ్లు దొరుకుతారు... వినడానికి లెక్క బాగానే ఉంది కదా?

అసలు విషయం ఏంటంటే, వీళ్లలో ఎక్కువమంది అనాథలు కారు. అమ్మో నాన్నో బతికే ఉన్నారు. భర్త పోయి, కూలి డబ్బులు చాలక, బిడ్డని హోమ్‌లో చేర్పించిన తల్లులు ఎందరో. కొందరికైతే ఓడ వెళ్లిపోయాకే ఉత్తరం వచ్చేది, మీ బిడ్డని కెనడా పంపేశాం అని!

అక్కడ కొందరికి మంచి ఇళ్లే దొరికాయి. కొందరికి మాత్రం గొడ్డుచాకిరీ, దెబ్బలు. పిల్లలు ఎలా ఉన్నారో వెళ్లి చూసే ఏర్పాటు సరిగా లేదని ఆండ్రూ డాయిల్ అనే బ్రిటిష్ అధికారి 1875లోనే రిపోర్టు ఇచ్చాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకి, 1895లో, జార్జ్ గ్రీన్ అనే పదిహేనేళ్ల కుర్రాడు ఒంటారియోలోని ఓ పొలంలో చనిపోయాడు. కెనడా వచ్చి ఏడాది కూడా కాలేదు. యజమానురాలి మీద కేసు నడిచింది. జ్యూరీ ఒక నిర్ణయానికి రాలేకపోయింది.

పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని తల్లిదండ్రులు లేకుండా రానివ్వకూడదని కెనడా నిర్ణయించింది 1920ల్లో. బ్రిటన్ ప్రధాని గోర్డాన్ బ్రౌన్ క్షమాపణ చెప్పింది 2010లో. కెనడా పార్లమెంటు దిగువసభ చెప్పింది 2017లో. అప్పటికి ఆ పిల్లల్లో బతికున్నవాళ్లు ఎంతమందని!

'హోమ్ పిల్లలు' అంటే చిన్నచూపు ఉండటంతో చాలామంది ఈ సంగతి సొంత పిల్లలకి కూడా చెప్పలేదు. ఇప్పుడు మనవలు, మునిమనవలు ఆ డేటాబేస్‌లో తాతల పేర్లు టైప్ చేస్తున్నారు. ఓడ పేరు సెకన్లో దొరుకుతుంది. అమ్మ ఎందుకు వదిలేసిందో తెలియాలంటే మాత్రం పంపిన సంస్థకి దరఖాస్తు పెట్టుకుని పాత ఫైలు తీయించాలి. 'వదిలేసింది' అనుకున్న అమ్మ నిజానికి బిడ్డని వెనక్కి ఇమ్మని అడిగిందని కొందరికి తెలిసేది అక్కడే.