వేగుచుక్క బొంతకి ఏ కుట్టు వేద్దాం?



పాత చీరల బొంత గురించి ఇదివరకు రాశాను కదా, అది చదివి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. "పెద్ద నక్షత్రం వచ్చేలా ముక్కలన్నీ అతికేశానండీ, కానీ దాని మీద ఏ డిజైను కుట్టాలో తోచక మడిచి బీరువాలో పెట్టేశాను" అంది. నవ్వొచ్చింది నాకు. నా నక్షత్రం కూడా ఏడాదిన్నర బీరువాలోనే ఉంది మరి!

మా అత్తయ్య 2022లో పోయారు. మరుసటి ఏడాది వేసవిలో మా ఆడపడుచు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు చీరలు పంచుకున్నాం. పట్టుచీరల జోలికి పోలేదు తను. ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత చీరలన్నీ ఒళ్ళో వేసుకుని, "వదినా, వీటితో నాకు బొంత కుట్టి పెట్టవా" అంది. డిజైను కూడా తనే చూపించింది. ఒకే ఒక్క పెద్ద నక్షత్రం, ఎనిమిది కిరణాలు. వాళ్ళుండే టెక్సాస్ జెండా మీద ఒంటి నక్షత్రం ఉంటుంది, అందుకని దాన్ని అక్కడ లోన్ స్టార్ అంటారట. అమెరికాలోనే లకోటా తెగ ఆడవాళ్ళకి ఇదే నక్షత్రం వేగుచుక్క. ఒకప్పుడు అడవిదున్న తోళ్ళు కప్పి గౌరవించేవాళ్ళు, ఆ దున్నలు అంతరించిపోయే దశకు వచ్చాక వాటి స్థానంలోకి ఈ బొంతలే వచ్చాయి. బిడ్డ పుట్టినా, పెద్దవాళ్ళు పోయినా ఇస్తారు. వేగుచుక్క అన్న పేరే నాకు నచ్చింది.

లెక్క చెబుతాను, రాసుకోండి. కాజూ బర్ఫీ ఆకారం ముక్కలు, ఒక్కో అంచు 4 అంగుళాలు. ఒక్కో కిరణంలో ఆరు వరసలు, వరసకి ఆరు ముక్కలు. ఎనిమిది కిరణాలకీ కలిపి 288. నక్షత్రం చుట్టూ నాలుగు మూలల్లో 24 అంగుళాల చదరాలు, వాటి మధ్య నాలుగు త్రికోణాలు. మొత్తం 82 అంగుళాల చదరం వస్తుంది. ఇద్దరికి హాయిగా సరిపోతుంది.

అతకడం అయ్యాక వచ్చింది అసలు చిక్కు. మన మామూలు బొంతకి ఆలోచనే ఉండదు, ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా కుట్టుకుంటూ పోవడమే. నక్షత్రానికి అలా పోతే కుట్టు దారి ఒకటి, కిరణం దారి ఒకటి. ఆడపడుచేమో ఫోనులో, "ఇక్కడ పెద్ద మిషన్ల మీద కుట్టి ఇచ్చేవాళ్ళున్నారు, పైభాగం పంపెయ్యి వదినా, నీకు శ్రమెందుకు" అంది. నా శ్రమ తగ్గించాలనే అంది, అయినా నాకు కాస్త చివుక్కుమంది. మిషను కుట్టు చెడ్డదని అనను. పిల్లలు రోజూ కప్పుకుని వారం వారం వాషింగ్ మెషిన్లో పడేసే కొత్త బట్ట దుప్పటికి అదే మేలు. కానీ ఇవి నలభై ఏళ్ళు కట్టిన చీరలు. చుక్కలు పెట్టినట్టు దగ్గర దగ్గరగా మిషను సూది దిగితే, నలిగిన నేత ఆ గీత వెంటే చిరిగిపోతుందని నా భయం. "చేత్తోనే కుడతాను, తొందరపెట్టకు" అన్నాను.

అని చేసిన మొదటి పని, తప్పు పని. మా అత్తయ్య శుక్రవారం శుక్రవారం తులసికోట ముందు అష్టదళ పద్మం వేసేవారు. ఎనిమిది కిరణాలకి ఎనిమిది రేకులు కుదిరాయి కదా అని మూల చదరంలో అదే ముగ్గు గీశాను. ముచ్చటపడి రేకుల లోపల రేకులు, చుట్టూ అరంగుళానికో గీత. అంతకుముందే నక్షత్రం మధ్యలో అక్కడక్కడా నాలుగు గీతలు వేసి వదిలేశాను. ఒక మూల పూర్తయ్యాక నేల మీద పరిచి చూస్తే, మూల ముడుచుకుపోయింది, పక్కనున్న నక్షత్రం పూరీలా పొంగింది. మా వారు వచ్చి, "లోపల పిల్లి ఏమైనా దూరిందా?" అన్నారు. నవ్వలేదు నేను. నాలుగు రాత్రులు కూర్చుని ఆ మూలంతా విప్పాను. నూలు బట్ట కాబట్టి సూది రంధ్రాలు తడిపితే పూడిపోయాయి. పట్టయితే అలాగే ఉండిపోయేవి.

కుట్టు పడిన చోట బట్ట కుదించుకుంటుంది. అందుకని బొంతంతా కుట్టు ఒకే దట్టంలో పడాలి. డిజైను ఎంత అందంగా ఉందని కాదు, గీతకీ గీతకీ ఎంత ఎడం ఉందని ముందు చూడండి. నక్షత్రంలో ఎంత ఎడం వస్తుందో చూసుకుని, మూలల్లో పువ్వు అందుకు తగ్గట్టు గీయాలి. నేను తిరగేసి చేశాను.

నక్షత్రంలో ఆడంబరం అక్కరలేదు. అక్కడ రంగులే కళ్ళు పట్టుకుంటాయి, తీగలు, పువ్వులు కుట్టినా ఎవరికీ కనపడవు. చాలామంది ప్రతి ముక్క లోపలా అంచుకి పావు అంగుళం వదిలి చుట్టూ కుడతారు. చాలా చక్కగా ఉంటుంది, కానీ 288 ముక్కలకీ అలా కుట్టాలంటే నూరు గజాలు దాటుతుంది. నేను ప్రతి వరస నడుమగా ఒక గీత వేశాను, కిరణం రెండు అంచుల దిక్కుగానూ. ప్రతి ముక్క మధ్యలో రెండు గీతలు కలుసుకుంటాయి. ఇది 64 గజాలే. పైగా నాలుగు ముక్కల మూలలు కలిసి గట్టిపడే చోట్లకి సూది పోదు. బలహీనమైన ముక్కకి నడుమ పట్టు దొరుకుతుంది. గీతల ఎడం మూడు అంగుళాల లోపే ఉంటుంది. లోపల పాత చీర పొరలుంటే ఇది చాలు. ఏకిన దూది పరిచేవాళ్ళు మాత్రం ఇంకా దగ్గరగా కుట్టాలి, రెండు అంగుళాలు మించితే ఉతికినప్పుడు దూది ఉండలు కడుతుంది.

కాజూ బర్ఫీ ముక్కకి రెండు అంచులు నేతకి తిన్నగా, రెండు ఏటవాలుగా ఉంటాయి. ఏటవాలు అంచు లాగితే సాగుతుంది. కాబట్టి కుట్టేటప్పుడు గుంజి పట్టుకోకండి. నేల మీద పరిచి, చేత్తో నిమిరి, బెత్తెడు ఎడంగా కచ్చాకుట్టు వేసి, నక్షత్రం నట్టనడుమ మొదలుపెట్టి బయటికి రండి. అంచుల నుంచి లోపలికి వస్తే ముడతలన్నీ మధ్యలో చేరతాయి, అక్కడ దాచే దారి లేదు.

ఇక మూలలు. మన ముచ్చటంతా ఇక్కడే తీర్చుకోవాలి, ఖాళీ బట్ట కాబట్టి ప్రతి కుట్టూ కనిపిస్తుంది. 24 అంగుళాల చదరంలో ఎంత పువ్వు పడుతుందో, త్రికోణంలో సరిగ్గా అందులో సగం పువ్వు పడుతుంది. కాబట్టి రెండు డిజైన్లు వెతకక్కరలేదు. నాలుగు చదరాల్లో నిండు పద్మం, నాలుగు త్రికోణాల్లో సగం పద్మం. న్యూస్ పేపరు చదరంగా కత్తిరించి ఎనిమిది మడతలు పెట్టి ఒక్క రేకు గీసి కత్తిరిస్తే, విప్పగానే పద్మం వస్తుంది. రేకు లోపల ఇంకొక్క రేకు చాలు. ముదురు రంగు బట్ట మీద అరిగిన సబ్బుముక్కతో గీయండి. లేతరంగు మీద పెన్సిలు, అదీ తేలిగ్గా. బాల్ పెన్ను ముట్టుకోవద్దు. ఆ రోజు కుట్టగలిగినంతే గీసుకోండి, సబ్బు గీత చేతికే చెరిగిపోతుంది.

మామిడిపిందెలు, నెమళ్ళు వద్దా అంటే, వద్దనను. కాకపోతే కొత్తగా కుట్టేవాళ్ళకి చిన్న వంపులు తిరగడం కష్టం, పొరలన్నీ ఒకేసారి గుచ్చాలి కదా. పద్మం రేకు పెద్ద వంపు, చెయ్యి తేలిగ్గా తిరుగుతుంది. దారం బట్ట రంగుదే వాడండి. ఎర్రబట్ట మీద తెల్లదారం చూడ్డానికి బాగుంటుంది గానీ, వంకరటింకర కుట్లన్నీ పిలిచి చూపిస్తుంది! మామూలు మిషను దారం కంటే కొంచెం లావుపాటి నూలుదారం తీసుకుని తేనెమైనం మీద ఒకసారి లాగితే చిక్కు పడదు.

మూడు మూలలు అయ్యాక ఆడపడుచుకి ఫోనులో చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ పద్మంలో ఒక రేకు ఎప్పుడూ కాస్త పెద్దది వచ్చేది వదినా, నువ్వు చూడలేదా?" అంది. చూడకపోవడమేం, ఇరవై ఏళ్ళు ఆవిడ పక్కన ముగ్గుబుట్ట పట్టుకుని నిలబడ్డదాన్ని. కాగితం మడతలో అన్ని రేకులూ ఒక్కలాగే వచ్చేశాయి.

నాలుగో మూల కాగితం పెట్టకుండా సబ్బుముక్కతో చేత్తోనే గీశాను. ఐదు రేకులు అయ్యాయి, ఇంకా మూడున్నాయి. సంక్రాంతికి తను వస్తానంది, ఆ లోపు అంచు కూడా కుట్టేయాలి. అంచు మడిచే పద్ధతి వచ్చేవారం రాస్తాను. ఈలోగా ఉత్తరం రాసిన చెల్లెలు ఆ నక్షత్రాన్ని బీరువాలోంచి బయటికి తియ్యాలి మరి.