ఆ కవరు ఎవరిది?

చలి మొదలైన కాడి నుంచి పొద్దుగాల వేడినీళ్ళ పొయ్యి అంటించే వంతు మా గదిది. కట్టెలు మంచుకు తడిసి అంటుకోవు. రెండు నూనె పాకెట్ కవర్లు వేస్తే భగ్గుమంటది. దాచేదేముంది, నేనూ వేసిన. చలి కాచుకునేందుకు ఐదో తరగతి తమ్ముళ్ళు ఆ పొయ్యి చుట్టే కూర్చుంటరు. ఆ పొగంతా వాళ్ళే పీలుస్తున్నరు.

ప్లాస్టిక్ చెత్త మీద కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన నిబంధనలు పల్లెలకు కూడ వర్తిస్తయి. చెత్తను వేరు చేసి పంచాయతీకి ఇవ్వాలని మనకు చెప్పినయి. పాకెట్‌లో సరుకు నింపి అమ్మిన కంపెనీయే ఖాళీ కవర్లను తిరిగి సేకరించే బాధ్యత తీసుకోవాలని కూడ చెప్పినయి. ఎంత సేకరించాలో 2022 ఫిబ్రవరిలో లెక్కలు పెట్టిండ్రు.

కాగితం మీద బాగనే ఉంది. కాని తాడ్వాయికి వచ్చే పాత సామాన్లాయన నీళ్ళ సీసాలు, పగిలిన బకెట్లు తూకమేసి తీసుకుంటడు. చిప్స్ కవరు చూపిస్తే వద్దని చెయ్యి ఊపుతడు. అందులో ప్లాస్టిక్ పొర, వెండి రంగు పొర అతుక్కొని ఉంటయి, విడదీయడం కష్టం. కంపెనీ తన లెక్కను దేశంలో ఎక్కడి చెత్తతోనైనా నింపుకోవచ్చు, సర్టిఫికెట్లు కొనుక్కోవచ్చు. ఇక మన తండా దాకా ఎవరొస్తరు?

మా యాడి చిన్నప్పుడు జాతరలో గోలీసోడా తాగితే సీసా అక్కడనే ఇచ్చి రావాలట. సీసాకు విలువుంది కాబట్టి సోడా అమ్మేటాయన దాన్ని వదిలిపెట్టడు. కవరు మీద కూడ రూపాయి కట్టి, తిరిగిస్తే ఆ రూపాయి వాపసు ఇవ్వాలంటాను. అప్పుడు చూడండి, మన ప్రహరీ పక్కన ఒక్కటైనా మిగులుతదా! ఆదివారం అమ్మానాన్నలు తెచ్చే మిక్చర్ పాకెట్ల కవర్లు మనమే పోటీపడి ఏరుతం.

అది మన చేతిలో లేదు. నూనె సంగతి మాత్రం వార్డెన్ సార్ చేతిలో ఉంది. పాకెట్లకు బదులు 15 కిలోల రేకు డబ్బాలు తెప్పించండి సార్. ఖాళీ డబ్బాను కొనేవాళ్ళున్నరు. టెండరు అంటరేమో, వచ్చే టెండరులోనైనా రాయించండి. మిగతా కవర్లు గోనెసంచిలో కట్టి పంచాయతీ ట్రాక్టరుకు ఇద్దాం.

మా గదివాళ్ళం చితుకులు ఏరి మెట్ల కింద తడవకుండ పెట్టినం. రేపటి నుంచి వాటితోనే అంటిస్తం. నీళ్ళు పది నిమిషాలు ఆలస్యంగా కాగుతయి, బకెట్లు పట్టుకొని మా మీద అరవకండి.