తీగ మారింది, ఫ్యాక్స్ తెగింది

చిక్కడపల్లి లైబ్రరీ చుట్టుపక్కల, నారాయణగూడ చౌరస్తా నుంచి అశోక్‌నగర్ దాకా వరుసగా ఉన్న జెరాక్సు దుకాణాల్లో ఫ్యాక్స్ పోవడం లేదన్న మాట వినిపించినప్పుడు నింద మోసేది సాధారణంగా యంత్రమే. రోలరు అరిగిందని, యంత్రం పాతబడిందని, అసలు ఫ్యాక్స్ కాలమే చెల్లిపోయిందని తీర్పులు వెలువడతాయి గాని, యంత్రానికీ గోడకూ మధ్య ఉన్న తీగ ఎప్పుడు మారిందన్న విచారణ అరుదు. నగరంలో రాగి టెలిఫోను లైన్లు తీసివేసిన చోటల్లా ఫైబరు కనెక్షన్లు వచ్చాయి. 040తో మొదలయ్యే పాత నంబరు అలాగే మిగిలినా, ఆ నంబరు మోగేది ఇప్పుడు ఫైబరు మోడెం వెనక ఉన్న ఫోను పోర్టు నుంచి, అంటే మాటను చిన్న చిన్న డేటా పొట్లాలుగా కట్టి పంపే ఇంటర్నెట్ ఫోను పద్ధతిలో. చందాదారు ఇంటర్నెట్ ఫోను కావాలని అడగలేదు. ల్యాండ్‌లైను ఉంది కదా అనుకుంటూనే అందులోకి చేరాడు.

ఫ్యాక్స్‌కు తెలుగునాట దక్కిన ఆదరణకు ఆఫీసు అలవాటు ఒక్కటే కారణం కాదు. టెలిగ్రామూ టెలిప్రింటరూ తెలుగు లిపిని మోయలేకపోయాయి; ఏజెన్సీ వార్త ఇంగ్లీషులో దిగి డెస్కులో తెలుగయ్యేది, జిల్లా విలేకరి చేత్తో రాసిన వార్త ఆర్టీసీ బస్సులో కవరుగా ప్రయాణించేది. ఫ్యాక్స్ అక్షరాన్ని అక్షరంగా కాక బొమ్మగా చూస్తుంది గనుక ఒత్తులు, గుణింతాలు, సంతకం, రబ్బరు స్టాంపు అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా అవతలికి చేరాయి. జపానులో ఫ్యాక్స్ అంత గట్టిగా వేళ్లూనుకోవడానికి కూడా టైపు చేయడం కష్టమైన వేల కంజీ అక్షరాలు ఒక ముఖ్య కారణం. ఫ్యాక్స్‌ను కేవలం వెనకబాటుకు గుర్తుగా చూసేవారు ఈ సంగతిని మరచిపోతారు.

ఇక ఇబ్బంది ఎక్కడ పుడుతుందో తెలియాలంటే యంత్రం పనితీరును కొంత వివరంగా చూడాలి. అది కాగితాన్ని అడ్డగీతలుగా చదువుతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పరిధిలో 1980లో స్థిరపడిన గ్రూప్ 3 ప్రమాణం ప్రకారం ఏ4 వెడల్పు కాగితం మీద ఒక్కో గీతలో 1,728 చుక్కలుంటాయి, ప్రతి చుక్కా నలుపో తెలుపో అవుతుంది. ఈ లెక్కను యంత్రం ధ్వనులుగా మార్చి టెలిఫోను లైను మీద వినిపిస్తుంది. ‘ఫ్యాక్స్ టోన్ ఇవ్వండి’ అని అవతలి గుమాస్తాను అడిగినప్పుడు వచ్చే కూత 2,100 హెర్ట్జ్‌ల ధ్వని. దాని వెనువెంటనే రెండు యంత్రాలూ ఏ వేగంతో పంపుకోవాలో, కాగితం కొలత ఎంతో తేల్చుకుంటాయి. ఇంటర్నెట్ ఫోను ఈ ధ్వనిని సెకనుకు 8,000 సార్లు కొలిచి, సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున పంపుతుంది. దారిలో ఒక ప్యాకెట్ పోతే అవతలి పరికరం అంతకు ముందరి ధ్వనినే సాగదీసి ఖాళీని పూడుస్తుంది. మాట వినే మనిషి తప్పిపోయిన అక్షరాన్ని అర్థంతో పూరించుకుంటాడు గనుక ఆ లోటు అతని చెవికి తెలియదు. ఫ్యాక్స్ యంత్రానికి అర్థంతో పని లేదు, సెకనుకు 14,400 బిట్ల వేగంతో నడిచే ప్రసారంలో ఒక్క ప్యాకెట్ పోతే దానికి 288 బిట్లు పోయినట్టే. పైగా బ్యాండ్‌విడ్త్ ఆదా కోసం కొన్ని లైన్లలో వాడే జీ.729 వంటి కుదింపు పద్ధతి, సెకనుకు 64,000 బిట్ల మాటను 8,000 బిట్లకు తెచ్చే క్రమంలో, మనిషి కంఠధ్వని స్వభావాన్నే ఆధారంగా తీసుకుంటుంది. కంఠం నుంచి రాని ధ్వని దాని చేతిలో గుర్తు తెలియకుండా పోతుంది. రెండు చివరలా గడియారాలు పూర్తిగా ఏకం కాకపోవడం మరో చిక్కు. ఒకటి రెండు పేజీలు సాఫీగా పోయి, పెద్ద ఫైలు మాత్రం మధ్యలో తెగిపోవడానికి ఇదొక కారణం.

దీనికి మందు కొత్తది కాదు. 1998లోనే ఆ యూనియన్ టీ.38 అనే ప్రమాణాన్ని ఆమోదించింది. దాని ప్రకారం లైను మొదట్లో ఉండే గేట్‌వే, అంటే టెలిఫోను భాషనూ ఇంటర్నెట్ భాషనూ కలిపే పరికరం, ఫ్యాక్స్ ధ్వనులను ధ్వనులుగా మోయకుండా అక్కడికక్కడే విప్పి, లోపలి బొమ్మ సమాచారాన్ని మాత్రమే పంపుతుంది. ఒక ప్యాకెట్ పోయినా నష్టం లేకుండా ముందు ప్యాకెట్లలోని సమాచారాన్ని తరువాతి వాటిలో మళ్లీ చేరుస్తుంది. అవతలి గేట్‌వే దాన్ని తిరిగి ధ్వనిగా మార్చి యంత్రానికి వినిపిస్తుంది. అయితే రెండు చివరలతో పాటు మధ్యలో కాల్‌ను చేతులు మార్చుకునే నెట్‌వర్కులన్నీ దీన్ని అంగీకరించాలి, అది అన్నిసార్లూ జరగదు. అప్పుడు మెకానిక్కులు చెప్పే చిట్కా వేగాన్ని 9,600కు తగ్గించి, తప్పుల దిద్దుబాటును, అంటే ఈసీఎంను, ఆపివేయడం. వేగం తగ్గించడంలో తప్పులేదు. ఈసీఎం ఆపడం మాత్రం ప్రమాదకరం, ఎందుకంటే చెడిన గీతలను మళ్లీ అడగడం మానేసిన యంత్రం ఉన్నదాన్నే అచ్చువేస్తుంది. మార్కుల మెమోలోనో భూమి పత్రంలోనో ఒక అంకె మీది గీత మాయమై, ఫ్యాక్స్ మాత్రం ‘ఓకే’ అని చూపించడం కంటే అసలు పోకపోవడమే మేలు.

ఆ ‘ఓకే’ చీటీ దగ్గరే ఫ్యాక్స్ అసలు విలువ ఉంది. పేజీ అందిందని అవతలి యంత్రం కాల్ తెగకముందే చెబుతుంది, ఆ మాట చీటీ మీద అచ్చవుతుంది. 2002 సవరణతో సివిల్ ప్రక్రియా స్మృతిలోకి ఫ్యాక్స్ ద్వారా సమన్లు పంపే వీలు రావడానికి నేపథ్యం ఈ తరహా నమ్మకమే కావచ్చు. కాగితాన్ని వెబ్‌సైటులో అప్‌లోడ్ చేసుకుని, వీలు చూసుకుని ఫ్యాక్స్‌గా పంపే ఇంటర్నెట్ సేవల్లో మొదట వచ్చే ‘స్వీకరించాం’ అన్న సందేశం మధ్యవర్తి సర్వరుదే తప్ప గమ్యానిది కాదు. తేదీ గడువున్న పనుల్లో ఈ రెంటినీ ఒకటిగా భావించడం తగదు. అయినా ఆ సేవలు అక్కరకు వచ్చే పనులు కొన్ని ఉన్నాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని వ్యక్తి హైదరాబాదు నుంచే అమెరికాలో కంపెనీ పెట్టుకున్నప్పుడు యజమాని గుర్తింపు సంఖ్య కోసం అక్కడి పన్నుల శాఖకు ఆన్‌లైనులో దరఖాస్తు చేయలేడు. ఎస్ఎస్-4 ఫారాన్ని ఫ్యాక్స్‌లో పంపితే, తిరుగు ఫ్యాక్స్ నంబరు ఇచ్చినవారికి జవాబు కూడా ఫ్యాక్స్‌లోనే వస్తుంది. ఆ దేశపు ఆసుపత్రులూ బీమా సంస్థలూ ఇంకా ఫ్యాక్స్ వదలలేదు గనుక వాటికి బిల్లింగు పని చేసిపెట్టే ఇక్కడి సంస్థలకూ అది తప్పదు.

ఇక్కడి కార్యాలయాల లెటర్‌హెడ్ల మీద ఉన్న ఫ్యాక్స్ నంబర్ల సంగతి వేరు. 2018 నవంబరు 21న జమ్మూ కశ్మీర్ శాసనసభ రద్దయిన సాయంత్రం, ప్రభుత్వం ఏర్పాటు చేస్తామన్న మెహబూబా ముఫ్తీ లేఖ రాజ్‌భవన్ ఫ్యాక్స్‌కు చేరలేదన్న రగడ, పండుగ సెలవన్న గవర్నర్ జవాబు దేశమంతా విన్నదే. అక్కడి లైను ఎలాంటిదైనా, ఎవరూ చూడని నంబరును అచ్చువేసి ఉంచడం పౌరుణ్ణి తప్పుదారి పట్టించడమే. ఫైబరు సంస్థలు కనెక్షను ఫారంలోనే ఈ లైను మీద టీ.38 పనిచేస్తుందో లేదో ఒక వాక్యంలో చెప్పాలి. కార్యాలయాలు ఒక్క పేజీతో కాక కనీసం పది పేజీలతో, ఈసీఎం ఆపకుండా, తమ నంబరును పరీక్షించుకోవాలి, అందులో నెగ్గని నంబరును తరువాతి లెటర్‌హెడ్ల ఆర్డరులోనే కొట్టివేయాలి.